మెనూలోని మాట, దాని వెనుక పని

కంప్యూటరు తెర పైభాగాన వరుసగా నిలిచి ఉండే మాటలను మెనూ అంటారని మన పాఠకులలో చాలామందికి తెలుసు. వాటిలో ఒకదానిని నొక్కగానే కిందికి ఒక పట్టిక తెరుచుకుంటుంది. ఆ పట్టికలోని ఒక్కొక్క పంక్తి ఒక్కొక్క మెనూ అంశం. ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంటున్న మన పిల్లలు ఈ అంశాలను చివరన, తొందర తొందరగా రాసి ముగిస్తుంటారు. లెక్కలు కట్టడం, సమాచారాన్ని భద్రపరచడం వంటివే అసలు పనులనీ, మెనూ పైపై ముస్తాబు అనీ వారి అభిప్రాయం. రాసినవారికి లోపలి యంత్రాంగమంతా కనిపిస్తుంది గనుక అలా అనిపించవచ్చు. దానిని వాడే అమ్మీకి, అబ్బాకు కనిపించేవి మాత్రం ఆ పంక్తులే.

లింగాల వంటి చోట, నల్లమల అంచున ఉన్న మండల కేంద్రంలో, ఒక పెద్దమనిషి కంప్యూటరుపై మసీదు చందాల లెక్కలు రాస్తున్నాడనుకుందాం. ప్రోగ్రాము మెనూ ఇంగ్లీషులో ఉంది. ఆయన దానిని చదవడు, స్థానాన్ని బట్టి గుర్తుపెట్టుకుంటాడు. పై నుంచి మూడవ పంక్తి నొక్కితే లెక్క భద్రమవుతుంది, అయిదవది నొక్కితే కాగితం బయటికి వస్తుంది. ప్రోగ్రాము కొత్త రూపంలో మధ్యన ఒక్క పంక్తి చేరినా ఈ జ్ఞాపకమంతా తారుమారవుతుంది. మూడవ స్థానంలోకి ‘తొలగించు’ వచ్చి కూర్చుంటే సంవత్సరపు లెక్క ఒక్క నొక్కుతో పోతుంది. ఆ పెద్దమనిషి చదువురానివాడేమీ కాదు. తెలుగు, ఉర్దూ రెండూ చక్కగా చదవగలవాడు. తెర మీది మాట ఆ రెండింటిలో ఏదీ కాకపోవడమే చిక్కు.

మెనూ పుట్టిన ఉద్దేశాన్ని చూస్తే ఈ చిక్కు ఎంత విచిత్రమో తెలుస్తుంది. తొలినాటి కంప్యూటర్లకు ప్రతి ఆజ్ఞనూ అక్షరం అక్షరం టైపు చేయవలసి వచ్చేది. ఆజ్ఞలన్నీ కంఠస్థం అయినవాడికే అది లొంగేది. 1981లో జిరాక్స్ సంస్థ తెచ్చిన స్టార్, 1983లో యాపిల్ తెచ్చిన లీసా, 1984లో వచ్చిన మాకింటోష్ ఆ పద్ధతిని మార్చాయి. చేయగల పనులన్నీ తెర మీదనే రాసి ఉంటాయి, చూసి ఎంచుకుంటే చాలు, కంఠస్థం అక్కరలేదు. అయితే చూసి ఎంచుకోవాలంటే చదవగలగాలి. చదవరాని భాషలో మెనూ ఉన్నప్పుడు మనిషి మళ్లీ కంఠస్థానికే వెళ్లిపోతాడు. ఈసారి ఆజ్ఞలకు బదులు స్థానాలను కంఠస్థం చేస్తాడు, అంతే తేడా.

ఈ చిక్కుకు ఎలాంటి విరుగుడు ఉందో తెలియాలంటే మెనూ అంశాన్ని ప్రోగ్రాములో ఎలా నిర్వచిస్తారో కొంచెం లోపలికి వెళ్లి చూడాలి. ఉదాహరణకు జీటీకే అనే ఉపకరణాల పెట్టెను తీసుకుంటాను. కారణం, అది ఉచితం, ఎవరైనా విప్పి చూడవచ్చు, పైగా తెలుగుతో దానికి పాత బంధం ఉంది. అమెరికాలోని బర్కిలీలో చదువుకుంటున్న స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ అనే ఇద్దరు విద్యార్థులు 1990లలో గింప్ అనే బొమ్మల ప్రోగ్రాము రాస్తూ, దాని కోసం ఈ పెట్టెను తయారు చేశారు. 1997లో ఆరంభమైన గ్నోమ్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు పథకం దానిని తనకు పునాదిగా ఎంచుకుంది. 2002లో వచ్చిన రెండవ రూపంలో పాంగో అనే అక్షర విన్యాస యంత్రాంగం చేరింది. తెలుగు గుణింతాలు, ఒత్తులు, ఉర్దూలో ఒకదానితో ఒకటి అల్లుకునే అక్షరాలు మెనూ పంక్తులలో సరిగా కూర్చోవడానికి దారి తీసింది అదే. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ తెలుగు ఆపరేటింగ్ సిస్టం పనికి పూనుకోగలిగింది కూడా ఇలాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఆధారంగానే.

ఇప్పుడు ఒక చిన్న ఊహ. మన పిల్లవాడు ఒక మదర్సా కోసం విద్యార్థుల రిజిస్టరు ప్రోగ్రాము రాస్తున్నాడు. మెనూలో ‘భద్రపరచు’ అనే పంక్తి కావాలి. జీటీకేలో ఆ పంక్తికి ముఖ్యంగా రెండు వివరాలు ఇవ్వాలి. మొదటిది, తెర మీద కనిపించే పేరు. రెండవది, దాని వెనుక జరిగే పని. ఈ పనికి ఒక లోపలి పేరు ఉంటుంది, ‘విన్.సేవ్’ అని అనుకుందాం. ‘విన్’ అంటే ఈ ఒక్క కిటికీకి చెందినదని అర్థం. ప్రోగ్రాము మొత్తానికి చెందిన ‘నిష్క్రమించు’ వంటి పనికి ముందు ‘యాప్’ అని ఉంటుంది. ఈ లోపలి పేరు వాడేవారికి ఎన్నడూ కనిపించదు, మారదు. పైకి కనిపించే పేరును మాత్రం ఎన్నిసార్లయినా, ఎన్ని భాషలలోకైనా మార్చుకోవచ్చు.

పేరు వేరు, పని వేరు అన్న ఈ ఏర్పాటు మొదటి నుంచీ ఇంత స్పష్టంగా లేదు. పాత జీటీకేలో సాధారణంగా మెనూ పంక్తి ఒక విడి వస్తువు. దానిని నొక్కినప్పుడు ఏమి చేయాలో ఆ పంక్తికే కట్టి ఉంచేవారు. అదే పనికి పైన ఒక బొత్తాము, కంట్రోల్, ఎస్ మీటల జోడి కూడా ఉంటే మూడుచోట్లా జాగ్రత్త పడాలి. కొత్త పద్ధతిలో పని ఒక్కటే, పంక్తి, బొత్తాము, మీటలు ఆ పని గుమ్మానికి చేర్చే మూడు దారులు. 2020 డిసెంబరులో వచ్చిన నాలుగవ రూపంలో పాత మెనూ వస్తువులను పూర్తిగా తీసివేశారు. అలవాటైన పద్ధతి పోయిందని చిరాకుపడ్డవారు ఉంటే ఉండవచ్చు. నాకైతే అది మంచి పనే అనిపిస్తుంది.

ఎందుకంటే, హోటలు విషయమే తీసుకోండి. అక్కడ కూడా మెనూ అనే అంటాం. గోడ మీది పలకలో హలీం అని రాసి ఉంటుంది, కూర్చుని అడిగాక ‘అయిపోయింది భాయి’ అంటారు. పలక మీద ముందే దానిని చెరిపి ఉంటే మనకు ఆ నిరీక్షణ ఉండేది కాదు. కంప్యూటరు మెనూలో ఆ సమయానికి వీలుకాని పంక్తి వెలిసిన రంగులో కనిపించడం దీని కోసమే. రిజిస్టరులో మార్పేదీ చేయనప్పుడు భద్రపరచవలసింది ఏమీ ఉండదు. అప్పుడు లోపలి పనిని ఒక్కసారి ‘ఇప్పుడు కాదు’ అని నిలిపివేస్తే పంక్తీ, బొత్తామూ కలిసి వెలిసిపోతాయి, మీటలూ పలకవు. తర్వాత మార్పు జరగగానే అన్నీ కలిసి తేరుకుంటాయి. పంక్తిని మాయం చేయకుండా వెలిసిపోనివ్వడం కూడా ఆలోచించి చేసిన ఏర్పాటే. అది మాయమైతే కింది పంక్తులు పైకి జరుగుతాయి, స్థానాన్ని నమ్ముకున్నవాడు మళ్లీ దెబ్బతింటాడు.

పేరు చివర మూడు చుక్కలు ఉండడాన్ని చాలామంది అలంకారమనుకుంటారు. ‘ముద్రించు’ అని ఉంటే నొక్కగానే ముద్రణ మొదలవుతుందని అర్థం. ‘ముద్రించు…’ అని చుక్కలతో ఉంటే, ముందు ఎన్ని ప్రతులు కావాలి, ఏ పుటలు కావాలి అని అడుగుతుంది, అప్పటిదాకా ఏమీ జరగదని అర్థం. కొత్తగా నేర్చుకునే ఇల్లాలికి ఈ చుక్కల సంగతి చెబితే ఆమె భయం సగం పోతుంది. అనువాదకులు తొందరలో వీటిని వదిలేయడం పెద్ద అన్యాయం.

ఇక భాష మార్చే ఏర్పాటు. గెట్‌టెక్స్ట్ అనే పద్ధతిలో ప్రోగ్రాములోని మాటలన్నీ విడిగా ఒక ఫైలులోకి దిగుతాయి. ఒక పంక్తిలో మూలం, దాని కింద అనువాదం. తెలుగుకు ఒక ఫైలు, ఉర్దూకు ఒక ఫైలు. కంప్యూటరు భాష ఏదని ఎంచుకుంటే ఆ ఫైలులోని పేర్లు మెనూలోకి ఎక్కుతాయి. 2017 నవంబరులో తెలంగాణ శాసనసభ ఉర్దూను రాష్ట్రమంతటా రెండవ అధికార భాషగా చేస్తూ చట్టాన్ని సవరించింది. ఇక్కడ ఒకే ప్రోగ్రాము రెండు లిపులలో పలకడం కోరిక స్థాయిని దాటిన విషయం.

ఉర్దూ ఎంచుకున్నప్పుడు మెనూ వరుస మొత్తం తిరగబడుతుంది. మొదటి మాట కుడి అంచున నిలుస్తుంది, ఉపపట్టికలు ఎడమ వైపుకు తెరుచుకుంటాయి. జీటీకే ఈ తిప్పుడు తానే చేసుకుంటుంది, రాసేవాడు అడ్డు పడకపోతే చాలు. ‘ఎడమ’, ‘కుడి’ అని రాయకుండా ‘మొదలు’, ‘చివర’ అని రాయడం అతడి వంతు. కుడి నుంచి ఎడమకు పుస్తకం తెరిచే అలవాటున్న మన పిల్లలకు ఇది ఒకరు చెప్పవలసిన పని లేదు.

తెలుగుకు వేరే చిక్కు ఉంది. ఇంగ్లీషు మెనూ పేర్లలో ఒక అక్షరం కింద చిన్న గీత ఉంటుంది, ఆల్ట్ మీటతో ఆ అక్షరం నొక్కితే ఆ పంక్తి తెరుచుకుంటుంది. నిర్వచనంలో ఆ అక్షరానికి ముందు కిందిగీత గుర్తు పెడతారు. తెలుగులో అలా పెడితే గుణింతం, ఒత్తు కలిసిన అక్షరం రెండుగా చీలిపోయే ప్రమాదం ఉంది. అందుకే గ్నోమ్ తెలుగు అనువాదాలలో ‘దస్త్రం’ అని రాసి పక్కన బ్రాకెట్లలో ఇంగ్లీషు ఎఫ్ అక్షరం పెట్టి, గీతను దాని కిందికి తెచ్చారు. చూడడానికి కొంచెం ఎబ్బెట్టే, కాని పని చేస్తుంది.

ఆ అనువాదాలను మన ఇళ్లలో చదివినవారికి ఒక సంతోషం కలుగుతుంది. ‘దస్త్రం’ కచేరీల ద్వారా ఉర్దూ వైపు నుంచి తెలుగులో స్థిరపడిన మాట. ‘నకలుతీయి’లోని నకలు అరబ్బీ నక్ల్. మదర్సా విద్యార్థి మన్‌కూలాత్, మాకూలాత్ అని విద్యలను విభజించేటప్పుడు పలికేది ఆ ధాతువునే. ‘ఖాళీచేయి’లోని ఖాళీ అరబ్బీ. ‘రద్దుచేయి’లోని రద్దు కూడా అరబ్బీయే. మీరాస్ పాఠంలో రద్ద్ అంటే పంపకం తర్వాత మిగిలిన ఆస్తిని తిరిగి వారసులకే ఇవ్వడం, మెనూలో అది తలపెట్టిన పనిని విరమించడం. తెలుగు మెనూ మనకు పరాయిదని అనుకునేవారు ఈ నాలుగు మాటలను ఒకసారి చూడాలి.

తేలిక మాట కోసం వెతికేటప్పుడు కొంత జాగ్రత్త అవసరం. ‘భద్రపరచు’ బరువుగా ఉందని కొందరు ‘దాచు’ అంటారు. ఇంట్లో డబ్బు దాచడం అన్న అర్థంలో అది చక్కని మాటే. కాని అదే మెనూలో ఒక భాగాన్ని కనిపించకుండా చేసే పంక్తి కూడా ఉంటుంది, దానికీ ‘దాచు’ అనే పేరు వస్తుంది. రెండు వేర్వేరు పనులకు ఒకే మాట పెడితే లోపలి పేర్లు ఎంత శుభ్రంగా ఉన్నా ఉపయోగం లేదు. అనువదించేవారు ముందు పనిని చూడాలి, ఆ తర్వాతే మాటను వెతకాలి.

మర్యాద సంగతి కూడా ఉంది. మెనూలో ‘తెరువు’ అనాలా, ‘తెరవండి’ అనాలా? మెనూ పంక్తిలో మనిషి యంత్రానికి చెబుతున్నాడు, ‘తెరువు’ సరిపోతుంది. యంత్రం మనిషిని ప్రశ్నించే చోట మాత్రం ‘తొలగించమంటారా?’ అనే ఉండాలి. పెద్దవారిని తెర మీద ఏకవచనంలో పిలిచే ప్రోగ్రామును మన ఇళ్లలో ఎవరూ సహించరు, సహించనక్కరలేదు కూడా.

రాసేవారు చేసే ఇంకొక పొరపాటు, పేరును ముక్కలుగా అతికించడం. ‘తొలగించు’ అనే ముక్కకు విద్యార్థి పేరును వెనుక చేర్చితే ఇంగ్లీషు వరుసకు సరిపోతుంది. తెలుగులోనూ ఉర్దూలోనూ క్రియ చివరికి రావాలి గనుక రెండూ తలకిందులవుతాయి. పేరు రావలసిన చోట ఖాళీ వదిలి వాక్యమంతా ఒకటిగా అనువాదకుడికి ఇస్తే అతడు దానిని తన భాష క్రమంలో అమర్చుకుంటాడు. సంఖ్యలకూ ఇదే వర్తిస్తుంది. గెట్‌టెక్స్ట్‌లో తెలుగుకు ఏకవచనం, బహువచనం అని రెండు రూపాలు చాలు. అరబ్బీకి ఆరు రూపాలు కావాలి. సర్ఫ్ చదివే పిల్లలు తస్నియా ఒకటి ఎదురుచూస్తారు, మిగతావి ఎక్కడి నుంచి వచ్చాయో వారినే లెక్క తేల్చమనండి.

పంక్తులన్నీ సిద్ధమయ్యాక ఒక పరీక్ష పెట్టవచ్చు. వాటిని కాగితంపై దించి, తెర చూపకుండానే ఇంట్లో నానీకో దాదీకో చదివి వినిపించి, ఏది నొక్కితే ఏమవుతుందని అనుకుంటున్నారో అడగాలి. ‘ముద్రించు’, ‘వెతుకు’ దగ్గర ఇబ్బంది రాదు. ‘ఎగుమతి’ అన్నప్పుడు మన పాలమూరు వైపు ఆవిడకు వేరుశనగ బస్తాల లారీ గుర్తుకు వస్తే ఆ పంక్తికి ‘వేరే రూపంలో నకలు ఇవ్వు…’ అని పేరు మార్చాలి, చుక్కలు మరవకుండా.