పక్షులను చూచే కన్ను

పక్షి కనబడడం వేరు, పక్షిని చూడడం వేరు. కనబడిన పక్షి మరుక్షణమే మరుపున పడుతుంది. చూచిన పక్షి మనస్సులో గూడు కడుతుంది. ఈ భేదాన్ని తెలుగు కవులలో శ్రీకృష్ణదేవరాయల వలె ఎరిగినవారు అరుదు. ఆముక్తమాల్యదలో శ్రీవిల్లిపుత్తూరును వర్ణిస్తూ ఆయన ఒక వేకువను చిత్రించాడు. పంటకాలువల చెంత బాతులు తలలను రెక్కలలో దూర్చుకొని నిద్రిస్తున్నాయి. తలారులు వాటిని చూచి, స్నానం చేసి వెళ్ళిన బ్రాహ్మణులు మరచిపోయిన, పిండి ఉంచిన వస్త్రాలని భ్రమించారు. వాటిని ఇళ్ళకు చేర్చుదామని రేవులోకి దిగగానే ఆ వస్త్రాలు కాస్తా పరుగు లంకించుకున్నాయి. వరిచేలకు కావలి ఉన్న స్త్రీలు పక్కున నవ్వారు. సింహాసనం మీద కూర్చొని ఊహించగల దృశ్యం కాదిది. సామ్రాజ్యభారం మోసిన ఆ రాజు ఏదో ఒక వేకువలో కాలువగట్టున నిలిచి, నిద్రించే బాతుకు తల కనబడదన్న చిన్న విషయాన్ని గమనించి ఉండాలి.

హంస పాలను, నీటిని వేరుచేస్తుందని, చకోరం వెన్నెలను త్రాగుతుందని, చాతకం వానచినుకు కోసం ఎదురుచూస్తుందని కావ్యాలు చదివే విద్యార్థికి తెలుసు. వీటిని కవిసమయాలంటారు. పరీక్షకు ఇంతమాత్రం చాలు. కాని చాతకం కేవలం కల్పన కాదు. అది తలపై జుట్టు గల, నలుపు తెలుపు రంగుల కోకిలజాతి పక్షి. ఋతుపవనాల వేళకు ఆఫ్రికా నుండి సముద్రం దాటి ఉత్తర, మధ్య భారతాలకు వస్తుంది. అది వచ్చిన వెంటనే వాన రావడాన్ని ఏటేటా చూచిన వారెవరో ఆ కవిసమయానికి బీజం వేసి ఉంటారు. చూచినవారి పేరు పోయింది, మాట మిగిలింది.

ఇట్టి చూపును అలవరచుకోవడానికి దూరదేశాలకు పోనక్కరలేదు, సంగారెడ్డి, పటాన్‌చెరు పరిసరాలు చాలునంటే కొందరికి నవ్వు రావచ్చు. పొగగొట్టాలు, లారీల బారులు, షిఫ్టు మారేవేళ మ్రోగే సైరన్లు ఉన్నచోట పక్షులేమిటని వారి సందేహం. కాని సంగారెడ్డి చెంత మంజీర నది మీద 1978లో ఏర్పడిన అభయారణ్యం ఉన్నది. మొసళ్ళకు పేరుపడిన ఆ జలాశయానికి శీతకాలంలో తలపై రెండు నల్లని చారలు గల బాతులు వస్తాయి. అవి హిమాలయాలను దాటివచ్చే అతిథులు. సంస్కృత కవుల హంస ఈ బాతేనని కొందరు పండితుల అభిప్రాయం. పటాన్‌చెరులో 1972లో నెలకొన్న ఇక్రిశాట్ ఆవరణలోని చెరువులు, పొలాలు కూడా ఎన్నో పక్షులకు నెలవులు.

అమీన్‌పూర్ చెరువుకైతే సాహిత్యబంధమే ఉన్నది. అచ్చతెలుగులో వెలువడిన తొలి కావ్యం యయాతి చరిత్ర. పదహారవ శతాబ్దంలో పొన్నగంటి తెలగన దానిని ఇబ్రహీం కుతుబ్‌షా కొలువులోని అధికారి అమీన్ ఖాన్‌కు అంకితమిచ్చాడు. ఆ అమీన్ ఖాన్ పేరిటనే అమీన్‌పూర్ వెలసిందని ప్రతీతి. 2016లో ఆ చెరువును ప్రభుత్వం జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించింది. నగరపు అంచున ఉన్న జలాశయానికి ఇట్టి గౌరవం లభించడం దేశంలో అదే మొదటిసారి. చుట్టూ లేచిన మేడల నడుమ ఆ నీటిలో రాజహంసలు, నత్తగుల్ల కొంగలు నేటికీ దిగుతున్నాయంటే అది వాటి ఔదార్యమే!

పక్షి తొందరపడేవానికి చిక్కదు. మడుగు అంచున నిలిచిన కొంగను చూడాలంటే చూచేవాడు కూడా కొంగ వలె నిలువవలసిందే. అడుగు నెమ్మదిస్తుంది, మాట ఆగుతుంది, ఊపిరి తనంత తానే కుదుటపడుతుంది. రాత్రి షిఫ్టు ముగించి వచ్చే కార్మికుడికైనా, మార్కుల బెంగతో నలిగే విద్యార్థికైనా దీనికి రుసుము లేదు. ఖరీదైన దుర్భిణి లేకున్నా కొరత లేదు.

అయితే చెరువుగట్టున నిలిచినవానికి పక్షితోపాటు నీరు కూడా కనబడుతుంది. నక్కవాగులోకి చేరిన రసాయన వ్యర్థాల వివాదం 1990లోనే సుప్రీంకోర్టుకు ఎక్కింది. పటాన్‌చెరులోని శుద్ధికేంద్రం విడిచే నీటిలో సూక్ష్మజీవి నాశక ఔషధాలు అసాధారణ స్థాయిలో ఉన్నట్లు 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు వెల్లడించారు. అటువంటి చోట ప్రశాంతత గురించి మాట్లాడడం బాధితులను పరిహసించడమేనని ఒక వాదం. దానిని త్రోసిపుచ్చలేము. ఫ్యాక్టరీలను మూసివేయాలనడం కూడా అంత తేలిక కాదు, వేల ఇళ్ళలో పొయ్యి వాటివల్లనే వెలుగుతున్నది. కాని నురగ కట్టిన వాగును మొదట గుర్తుపట్టేది దానిని రోజూ చూచేవాడే. నిన్న వచ్చిన కొంగ నేడెందుకు రాలేదన్న ప్రశ్న వానికే పుడుతుంది. వాల్మీకి క్రౌంచపక్షుల జంటను చూచి ఆనందించిన చోటనే బోయవాని బాణం కూడా చూచాడు. ఆ శోకమే శ్లోకమయింది. చూపు తిప్పుకొని ఉంటే ప్రశాంతత దక్కేదేమో కాని రామాయణం దక్కేది కాదు.

తెలంగాణ రాష్ట్రపక్షి పాలపిట్ట. దసరానాడు దానిని చూస్తే శుభమని జనం ఊరి వెలుపలికి వెళ్ళేవారు. పొలాలు ప్లాట్లయిన చోట ఇప్పుడు కొందరు దానిని పట్టి, పంజరంలో పెట్టి, డబ్బులు తీసుకొని చూపుతున్నారు. చట్టరీత్యా అది నేరం. నేరమన్న సంగతి అటుంచినా, ఆ దర్శనం దర్శనమే కాదు. కూర్చున్న పాలపిట్ట చూడడానికి మట్టిరంగు పిట్ట. దాని నీలమంతా రెక్కలలో ఉంటుంది, ఎగిరినప్పుడే విచ్చుకుంటుంది.