ఐరోపాను చదవడం ఎవరి హక్కు?

ఇంజనీరింగు, వైద్యం, వాణిజ్యం మినహా మరే చదువు కోసం విదేశానికి వెళ్లినా అది డబ్బునూ కాలాన్నీ పోగొట్టుకోవడమేనన్న అభిప్రాయం తెలుగు మధ్యతరగతిలో గట్టిగా పాతుకుపోయింది కనుక, ఐరోపా రాజకీయాలు, సమాజం అన్న విషయంలో స్నాతకోత్తర పట్టా కోసం బయలుదేరే విద్యార్థి బంధువులందరికీ సంజాయిషీ ఇచ్చుకోవలసి వస్తుంది. ప్రాగ్‌లోని చార్లెస్, క్రాకోవ్‌లోని యాగియెలోనియన్, నెదర్లాండ్స్‌లోని లైడెన్, బార్సిలోనాలోని పొంపేవు ఫాబ్రా విశ్వవిద్యాలయాలు చెక్ నాయకుడు వాత్స్లావ్ హావెల్ పేరిట ఉమ్మడిగా రూపొందించిన పాఠ్యక్రమం ఇటువంటి చదువుకు ఒక ఉదాహరణ. పరాయి దేశాల రాజకీయం మనకెందుకని ఇంటి దగ్గర అడుగుతారు. అక్కడికి చేరిన తరువాత, పరిశోధన వ్యాసానికి భారతదేశాన్నో, భారత–ఐరోపా సంబంధాలనో ఎంచుకుంటే బాగుంటుందన్న సలహా తరచుగా, ఎంతో మర్యాదగా ఎదురవుతుంది. పైకి ఒకటి నిరుత్సాహంగా, మరొకటి ప్రోత్సాహంగా కనిపించినా రెండింటి పునాదీ ఒక్కటే: ఐరోపాను ఐరోపావారు చదువుకుంటారు, ఇతరులు తమను తాము చదువుకుంటే చాలు. ఈ పునాదే తప్పు.

ఈ నియమాన్ని పశ్చిమ దేశాల పండితులు తమ విషయంలో ఎన్నడూ పాటించలేదు. అమెరికన్ పాత్రికేయుడు, పరిశోధకుడు సెలిగ్ హారిసన్ ఆంధ్ర కమ్యూనిస్టు ఉద్యమానికీ కులానికీ ఉన్న సంబంధంపై 1956లో తన దేశపు ప్రముఖ రాజనీతి శాస్త్ర పత్రికలో వ్యాసం ప్రచురించాడు. రాబర్ట్ ఫ్రైకెన్‌బర్గ్ 1788 నుంచి 1848 వరకు గుంటూరు జిల్లా పాలన నడిచిన తీరును గ్రంథస్థం చేశాడు. వారి నిర్ణయాలను అంగీకరించవచ్చు, తిరస్కరించవచ్చు, కానీ కృష్ణా, గుంటూరు జిల్లాల సంగతి అమెరికన్లకెందుకని అడిగినవారు అరుదు. ఫ్రాన్సు నుంచి వెళ్లిన టోక్‌విల్ అమెరికా ప్రజాస్వామ్యంపై 1835లో వెలువరించిన గ్రంథాన్ని అమెరికన్లే తమను అర్థం చేసుకోవడానికి నేటికీ చదువుతున్నారు. బయటివాడి చూపుకు విలువ ఉన్నదని ఇంతకాలంగా ఒప్పుకున్న శాస్త్రం, ఆ చూపు విజయవాడ నుంచో వరంగల్లు నుంచో వార్సాపై పడినప్పుడు మాత్రం నీ దేశం గురించి చెప్పమనడం న్యాయం కాదు.

ఆ చూపు ఏమి చూడగలదో చెప్పడానికి న్యాయవ్యవస్థకు సంబంధించిన ఒక్క సందర్భం చాలు. న్యాయమూర్తుల నియామకం కోసం ప్రధాన న్యాయమూర్తి, ఇద్దరు సీనియర్ న్యాయమూర్తులు, న్యాయశాఖ మంత్రి, ఇద్దరు ప్రముఖులతో ఒక కమిషన్‌ను ఏర్పరచిన 99వ రాజ్యాంగ సవరణను 2015 అక్టోబరు 16న భారత సుప్రీంకోర్టు నలుగురు న్యాయమూర్తుల మెజారిటీతో, ఒకరు విభేదించగా, కొట్టివేసింది; దానితో న్యాయమూర్తులే న్యాయమూర్తులను ఎంపిక చేసే కొలీజియం పద్ధతి నిలిచింది. అదే నెల 25న పోలండ్‌లో జరిగిన ఎన్నికల్లో గెలిచిన చట్టం–న్యాయం పార్టీ, న్యాయమూర్తుల పేర్లను నియామకానికి ప్రతిపాదించే జాతీయ న్యాయమండలిలో న్యాయమూర్తులకు కేటాయించిన 15 స్థానాలను అంతవరకు న్యాయమూర్తులే నింపుకొంటుండగా, ఆ అధికారాన్ని సెయిమ్‌కు, అంటే పార్లమెంటు దిగువ సభకు, అప్పగించే చట్టాన్ని 2017 డిసెంబరులో తెచ్చింది. సభ్యదేశం మౌలిక విలువలను ఉల్లంఘించే ప్రమాదం ఉన్నదని భావించినప్పుడు ప్రయోగించే, ఐరోపా సమాఖ్య ఒప్పందంలోని ఏడవ అధికరణ ప్రక్రియను ఐరోపా కమిషన్ ఆ నెలలోనే పోలండ్‌పై మొదలుపెట్టి, ప్రభుత్వం మారిన తరువాత 2024లో ముగించింది.

ఐరోపా పాఠ్యపుస్తకాల్లో ఈ కథ ఎక్కువగా చట్టబద్ధ పాలనకూ దాన్ని కూల్చజూసిన పాలకులకూ మధ్య పోరాటంగా కనిపిస్తుంది; అందులో నిజం చాలా ఉంది. కానీ కొలీజియంపై భారతదేశంలో దశాబ్దాలుగా సాగుతున్న వాదోపవాదాలను ఎరిగిన విద్యార్థి దీన్ని చదివినప్పుడు మరో ప్రశ్న వేస్తాడు: న్యాయమూర్తుల ఎంపిక న్యాయమూర్తుల చేతిలోనే ఉండడం స్వాతంత్ర్యానికి రక్ష అయినప్పుడు, ఆ వర్గం తనలోని లోపాలను తానే కప్పిపుచ్చుకోకుండా ఆపేది ఎవరు? ఈ ప్రశ్న పోలండ్ పాలకుల చర్యను సమర్థించదు. పార్లమెంటులోని ఒకే మెజారిటీ చేతికి మండలి చిక్కితే ఏమవుతుందో ఆ దేశ అనుభవమే చూపింది, ఆ అనుభవం నియామక కమిషన్‌ను కోరుకునే భారతీయులకు కూడా ఒక హెచ్చరిక. ఇటువంటి పరీక్ష రెండు దేశాలనూ ఒకే స్థాయిలో నిలబెట్టి చూసేవారికే సాధ్యం.

దీపేశ్ చక్రవర్తి 2000లో ప్రచురించిన గ్రంథంలో ఐరోపాను విశ్వానికంతటికీ కొలమానంగా కాక ఒక ప్రాంతంగా చూడవలసిన అవసరాన్ని చర్చించాడు. ఆ పని సిద్ధాంతంతో పూర్తికాదు. ఐరోపాను ఒక ప్రాంతంగా చూడాలంటే ఒక ప్రాంతాన్ని చదివినట్లే, దాని శాసనాలను, ఎన్నికలను, పార్టీలను, వలసలను వివరంగా చదవాలి. యుద్ధంతో నలిగిన ఆరు దేశాలు శాంతి కోసం చేతులు కలిపాయన్న కథనంతో మొదలయ్యే తరగతిలో, ఆ దేశాలు 1957లో కుదుర్చుకున్న రోమ్ ఒప్పందం అప్పటికి ఫ్రాన్సులో భాగంగా లెక్కించిన అల్జీరియాను పేరుపెట్టి ప్రస్తావించిందని, ఆ సమయంలోనే అక్కడ స్వాతంత్ర్య యుద్ధం సాగుతున్నదని, బెల్జియం చేతిలో కాంగో ఇంకా ఉన్నదని గుర్తుచేయడం వలస పాలన కిందినుంచి వచ్చిన సమాజపు విద్యార్థికి సహజమైన పని. సరిహద్దుల విషయమూ అంతే. షెంగెన్ ఒప్పందం, అంటే సభ్యదేశాల మధ్య సరిహద్దు తనిఖీలను ఎత్తివేసిన ఏర్పాటు, ఐరోపా పౌరునికి పాఠ్యాంశం మాత్రమే. సమాఖ్య చట్టం మూడవ దేశపు పౌరునిగా పిలిచే విదేశీ విద్యార్థికి అది నివాస అనుమతి పత్రం మీద, మరో సభ్యదేశంలో సాధారణంగా 180 రోజుల్లో 90 రోజులే ఉండవచ్చునన్న పరిమితిలో ప్రత్యక్షమవుతుంది. లోపలి గోడలు తొలగించిన వ్యవస్థ బయటి గోడను ఎలా కట్టిందో ఆ విద్యార్థికి తెలిసినంతగా తోటి విద్యార్థులకు తెలియకపోవచ్చు.

ప్రయోజనం సంగతి తేల్చడానికి ఎక్కువ మాటలు అక్కరలేదు. ఐరోపా సమాఖ్య తన మార్కెట్ కోసం చేసుకున్న నియమాలు ప్రపంచమంతటా అమలయ్యే తీరును న్యాయశాస్త్ర ఆచార్యురాలు అను బ్రాడ్‌ఫర్డ్ బ్రస్సెల్స్ ప్రభావంగా వర్ణించింది. భారతీయ చెరువుల రొయ్యల సరుకులో సగానికి తక్కువ కాకుండా యాంటీబయాటిక్ అవశేషాల కోసం పరీక్షించాలన్న 2016 నాటి సమాఖ్య నిర్ణయం, దేశంలో రొయ్యల సాగుకు అగ్రస్థానమైన ఆంధ్రప్రదేశ్‌కు నేరుగా తగిలింది. హైదరాబాదులోని ఒక సంస్థ జరిపిన పరీక్షలు నమ్మదగినవి కావన్న నిర్ధారణతో 2015లో ఐరోపా ఔషధ సంస్థ దాదాపు 700 మందుల అనుమతుల నిలుపుదలకు సిఫారసు చేసింది. ఉక్కు, సిమెంటు, అల్యూమినియం వంటి దిగుమతులపై కర్బన ఉద్గారాలను బట్టి రుసుము విధించే సరిహద్దు ఏర్పాటు 2023లో చట్టమైంది. ఈ నియమాలు ఏ సంఘంలో, ఎవరి ఒత్తిడితో రూపుదిద్దుకుంటాయో తెలిసినవారు తెలుగు నేలపై ఎందరున్నారన్నది ఆలోచించవలసిన విషయం. అయినప్పటికీ ఈ చదువును లాభంతోనే సమర్థించడం దానికి అన్యాయం చేయడమే. హారిసన్ వ్యాసం విలువను అమెరికాకు దానివల్ల ఎంత లాభం కలిగిందన్న లెక్కతో ఎవరూ కొలవరు.

ఈ చదువులోని కష్టాలను దాచనవసరం లేదు. సమాఖ్య సంస్థల్లో శాశ్వత ఉద్యోగానికి సాధారణంగా సభ్యదేశపు పౌరసత్వం కావాలి. స్వీడన్ 2011లో, ఫిన్లాండ్ 2017లో, నార్వే 2023లో ఐరోపాయేతర విద్యార్థులపై బోధన రుసుము విధించాయి. వీటన్నిటికంటే పెద్ద లోపం మరొకటి ఉంది, దానికి విద్యార్థులూ విశ్వవిద్యాలయాలూ ఉమ్మడి బాధ్యులు: పాఠాలు ఇంగ్లీషులో నడవడంతో, పోలిష్, చెక్, డచ్, కాటలాన్ భాషల్లో ఏదీ రాకుండానే పట్టా చేతికి వస్తుంది. పత్రికలనూ సభా చర్చలనూ మూలంలో చదవలేనివారు ఐరోపాకు వెళ్లి కూడా ఐరోపా గురించి ఇంగ్లీషులో రాసినవారినే చదివి వస్తారు, అప్పుడు ఇంటి దగ్గర ఆక్షేపించినవారి మాటకు బలం చేకూరుతుంది. బయటి చూపుకు హక్కు కోరేవారు ఆ హక్కుకు తగిన శ్రమను, అంటే కనీసం ఒక భాషలో గట్టి ప్రవేశాన్ని, తమపై తామే విధించుకోవాలి. విశ్వవిద్యాలయాలు ఆ బోధనను ఐచ్ఛికంగా వదిలివేయకుండా పాఠ్యక్రమంలో తప్పనిసరి చేయాలి. అలా చదివి, సెయిమ్ చర్చల నివేదికలను పోలిష్‌లోనే పరిశీలించి 2017 నాటి చట్టంపై రాసిన పరిశోధనను భారతదేశంపై అధ్యాయం లేదన్న కారణంతో క్రాకోవ్‌లోనూ, మన రాజకీయాలకు సంబంధించినది కాదన్న కారణంతో హైదరాబాదులోని నియామక సంఘం ముందూ తక్కువ చేయడం మానుకోవాలి.