గీత గీశాక సర్వేనా?

హైదరాబాద్‌లో రాయదుర్గం నుంచి శంషాబాద్ విమానాశ్రయం దాకా 31 కిలోమీటర్ల మెట్రోకు 2022 డిసెంబరు 9న మైండ్‌స్పేస్ కూడలి వద్ద శంకుస్థాపన జరిగింది. అంచనా వ్యయం 6,250 కోట్ల రూపాయలు. క్షేత్రస్థాయి సర్వేలు, మట్టి పరీక్షలు ఆ తరువాతే జోరందుకున్నాయి. ఏడాది తిరిగేసరికి ప్రభుత్వం మారింది, మార్గమూ మారింది. విమానాశ్రయ మెట్రో నాగోలు, ఎల్బీనగర్, చాంద్రాయణగుట్టల మీదుగా వెళ్లాలన్నది ఇప్పటి ప్రతిపాదన. రెండింటిలో ఏ మార్గం మేలన్నది వేరే చర్చ. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, నేల సంగతి తేలకముందే మార్గం, వ్యయం, గడువు మూడూ ప్రకటించేసే అలవాటు గురించే ఇక్కడ మాట్లాడుకోవాలి. ఇందులో ఈ పార్టీ, ఆ పార్టీ అన్న తేడా లేదు. గీసిన గీతను మార్చే వీలున్నప్పుడు చేసిన సర్వేకే విలువ. గీత ఖాయమయ్యాక చేసేది పునాది లోతు చెప్పగలదు తప్ప, అక్కడ పునాది వేయాలా వద్దా అన్న ప్రశ్నను మళ్లీ తెరవలేదు.

మెట్రో సర్వే అనగానే రోడ్డు పక్కన మూడు కాళ్ల స్టాండు మీద పరికరం పెట్టుకుని కొలతలు తీసే మనుషులే గుర్తుకొస్తారు. అది పనిలో ఒక పాలు మాత్రమే. ప్రయాణికుల రద్దీ, నేల స్వభావం, భూగర్భ జలం, లోపలి పైపులు, కేబుళ్లు, పక్కనున్న భవనాల దృఢత్వం, చెట్లు, చారిత్రక కట్టడాలు దేనికదే వేరు సర్వే. వీటిలో జనం కంటికి ఆననిది, ఖర్చును ఎక్కువగా శాసించేది నేల పరీక్ష. బోరు వేస్తూ నిర్ణీత లోతుల్లో ఒక గొట్టాన్ని దించి, దాని మీద 63.5 కిలోల బరువును 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పదేపదే వదులుతారు. మొదటి 15 సెంటీమీటర్లు లెక్కలోకి తీసుకోకుండా, ఆపై 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో రాసుకుంటారు. నాలుగైదు దెబ్బలకే దిగబడితే నేల మెత్తన. యాభై కొట్టినా దిగకపోతే రాయి దగ్గరపడినట్టే. రాయి తగిలాక తీసిన కడ్డీలాంటి నమూనాలను పెట్టెల్లో వరసగా పేర్చి, పది సెంటీమీటర్లకు మించిన ముక్కలు ఎంత శాతమో చూస్తారు. నేల కింద నీరు వేసవిలో ఒక మట్టంలో, వానాకాలంలో మరో మట్టంలో ఉంటుంది కాబట్టి రెండు కాలాలూ చూడాలి. ఎన్నికల తేదీలకు తగ్గట్టు కుదించగలిగిన పని కాదిది.

తొందరపాటుకు ఎంత మూల్యం చెల్లించాలో కోల్‌కతా చూసింది. అక్కడి ఈస్ట్‌-వెస్ట్ మెట్రో కోసం హుగ్లీ నది అడుగున సుమారు 520 మీటర్ల జంట సొరంగాలను 2017లో క్షేమంగా తవ్వారు. అందరూ భయపడిన చోట ఏమీ కాలేదు. 2019 ఆగస్టు 31న మాత్రం, బంగారు పనివారికి పేరుపడ్డ బౌబజార్ కింద ‘చండీ’ అనే సొరంగ యంత్రం నీటి పొరను తాకింది. నీరు, మట్టి సొరంగంలోకి దూసుకొచ్చాయి. పైన దుర్గా పితురి లేన్, స్యాక్రాపాడా లేన్‌లలో పాత ఇళ్లు బీటలు వారాయి, కొన్ని కూలిపోయాయి. వందల మంది కట్టుబట్టలతో హోటళ్లకు చేరారు. 2022 మే, అక్టోబరు నెలల్లో మళ్లీ నీరు ఊరి మళ్లీ బీటలు పడ్డాయి. హావ్‌డా మైదాన్ నుంచి సాల్ట్‌లేక్ దాకా రైలు ఏకధాటిగా నడిచింది 2025 ఆగస్టులోనే. సుమారు 4,870 కోట్లతో మొదలైన ప్రాజెక్టు వ్యయం 2020లో కేంద్ర మంత్రివర్గం ముందుకొచ్చేసరికి 8,575 కోట్లకు చేరింది. ఆ పెరుగుదలకు భూసేకరణ వంటి కారణాలూ ఉన్నాయి. అయితే ఒక సంగతి గమనించాలి. మొదటి ఆలోచనలో ఈ లైను సెంట్రల్ స్టేషన్ మీదుగా వెళ్లాలి. తరువాత ఎస్ప్లనేడ్ వైపు మళ్లించారు. లైను మళ్లితే కిందనున్న నేల, పైనున్న ఇళ్లు రెండూ మారతాయి. అలాంటప్పుడు పరిశోధన మళ్లీ మొదటి నుంచి జరగాలి, అందుకు కావలసిన వ్యవధి కూడా దొరకాలి.

కోల్‌కతాది బురదనేల, మనది దక్కన్ రాయి, పైగా మన మెట్రో దాదాపుగా పిల్లర్ల మీదే కదా అని ఎవరైనా అనవచ్చు. హైదరాబాద్ కింద గ్రానైటు ఉన్నమాట నిజం. కానీ అది చదునుగా పరిచిన పలక కాదు. లక్షల ఏళ్లుగా నీరు, ఎండ తొలిచేయడంతో ఒకచోట రెండు మీటర్లకే గట్టిరాయి తగిలితే, కొద్ది దూరంలోనే మొరం, మట్టి, వాటి మధ్య విడి గుండ్లు వస్తాయి. బంజారాహిల్స్‌లో నేల మీద కనిపించే గుండ్ల లాంటివే కింద మట్టిలో పూడుకుపోయి ఉంటాయి. బోరు అలాంటి గుండును తాకినప్పుడు అదే అసలు రాతి పొర అనుకుంటే పునాది లెక్క తప్పుతుంది. పిల్లరు పిల్లరుకూ నేల వేరైనప్పుడు ఎక్కడో వేసిన బోరు ఆధారంగా అన్నిటికీ ఒకే పునాది గీయలేం. ఇలాంటి శిలలే ఉన్న బెంగళూరులో తొలిదశ సొరంగాల యంత్రాలు పై సగం మట్టి, కింది సగం రాయి ఎదురైన చోట పదేపదే మొరాయించి పనిని వెనక్కి నెట్టాయి. రాతినేల సర్వే అవసరాన్ని తగ్గించదు సరికదా, బోర్లను మరింత దగ్గరగా వేయమంటుంది.

పిల్లర్ల మెట్రోకు అంతకంటే పెద్ద చిక్కు రోడ్డు కింద మనుషులే పూడ్చిన వాటితో వస్తుంది. మంచినీటి గొట్టాలు, మురుగుకాలువలు, హైటెన్షన్ కేబుళ్లు, టెలికాం లైన్లు వేర్వేరు శాఖలు వేర్వేరు కాలాల్లో వేసినవి. 1908 మూసీ వరదల తరువాత విశ్వేశ్వరయ్య సలహాతో పురుడుపోసుకున్న నీటి, మురుగునీటి వ్యవస్థ మీద హైదరాబాద్ పాతబస్తీ నిలబడి ఉంది. ఆ తరువాత వందేళ్లుగా పడిన అతుకులన్నీ ఒకే పటం మీదికి రాకుండా మహాత్మాగాంధీ బస్ స్టేషన్ (ఎంజీబీఎస్) నుంచి చాంద్రాయణగుట్ట దాకా 7.5 కిలోమీటర్ల మార్గంలో పిల్లరు ఎక్కడ పడాలో చెప్పలేం. రాడార్ తరంగాలతో నేలను చదివే పరికరాలు సాయపడతాయి. తడి మట్టిలో వాటి చూపు కొంతవరకే ఆనుతుంది కాబట్టి అనుమానం ఉన్నచోట గుంత తవ్వి కళ్లారా చూడాల్సిందే. స్కాట్లాండ్ రాజధాని ఎడిన్‌బరో ట్రామ్‌లైను విషయంలో ఈ జాగ్రత్త లోపించింది. రోడ్డు కింది పైపులు తరలించే పని, డిజైన్లు పూర్తికాకముందే 2008లో ప్రధాన నిర్మాణ ఒప్పందం కుదుర్చుకున్నారు. లైను కుదించుకున్నా ఖర్చు 77.6 కోట్ల పౌండ్లకు చేరింది. 2014లో అది ప్రారంభమయ్యాక కారణాలు తేల్చడానికి వేసిన విచారణ నివేదిక 2023లో గానీ రాలేదు.

జాప్యం మాటేమిటి అన్నది గట్టి అభ్యంతరమే. సర్వేలకు ఏడాది పోతే భూముల ధరలు, సిమెంటు, ఉక్కు ధరలు పెరుగుతాయి. కేంద్రం తలుపు తట్టే క్యూలో ఇంకో నగరం ముందుకెళ్తుంది. నిజమే. కానీ కాగితం మీద మిగిల్చుకున్న ఆ ఏడాది ఎటూ పోదు. యంత్రం ఆగినప్పుడో, రోడ్డు సగం తవ్వి వదిలేసినప్పుడో, జనం ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడో వడ్డీతో సహా వసూలవుతుంది. అమెరికా జాతీయ పరిశోధన మండలి కమిటీ ఒకటి 80కి పైగా సొరంగ ప్రాజెక్టులను పరిశీలించి 1984లో ఒక సిఫారసు చేసింది: ప్రాజెక్టు అంచనాలో సగటున 3 శాతం నేల పరిశోధనకు కేటాయించాలి, బోర్ల మొత్తం లోతు సొరంగం పొడవుకు ఒకటిన్నర రెట్లు ఉండాలి. పిల్లర్ల మార్గానికి అంత అక్కర్లేదు. కేంద్రానికి 2024లో పంపిన హైదరాబాద్ రెండోదశ 76.4 కిలోమీటర్ల అంచనా 24,269 కోట్లు. అందులో ఒక్క శాతం 243 కోట్లు. గడువు దాటిన నిర్మాణం మీద పడే భారంతో పోలిస్తే అది చాలా చిన్న మొత్తం.

నేలతో వచ్చే నష్టభయాన్ని గుత్తేదారు మీద వేసేస్తే సరిపోతుందని వాదించేవారూ ఉన్నారు. నేల సంగతి తెలియని గుత్తేదారు ముందు రెండు దారులుంటాయి. భయపడితే టెండరులో ధర పెంచుతాడు, తెగిస్తే తక్కువకు వేసి ఆ తరువాత మధ్యవర్తిత్వానికి వెళ్తాడు. రెండు రకాలుగానూ ఖజానాదే భారం. ఇక, ఎన్ని బోర్లు వేసినా రెండు బోర్ల మధ్య ఏముందో ఎవరికి తెలుసన్న మాట సహేతుకమైనదే. జానెడు వెడల్పు లేని రంధ్రంతో నగరం అడుగు మొత్తం చదవలేం. అందుకే అంతర్జాతీయంగా టెండరు పత్రాల్లోనే ‘ఇంతవరకు ఎదురయ్యే నేల ఇది, దీని భారం నీది, ఇంతకు మించి తేడా వస్తే మాది’ అని ముందే రాసుకునే పద్ధతి వచ్చింది. అంతర్జాతీయ కన్సల్టింగ్ ఇంజినీర్ల సమాఖ్య ఫిడిక్ 2019లో తెచ్చిన భూగర్భ పనుల ఒప్పంద నమూనాకు ఇదే ఆయువుపట్టు. తెలియనిది ఎంతో నిజాయితీగా రాసుకోవాలన్నా ముందు తెలుసుకోదగినదంతా తెలుసుకోవాలి.

మన దగ్గర నియమాలు లేక కాదు. కేంద్ర మెట్రో విధానం 2017లోనే ప్రత్యామ్నాయాల పోలికను తప్పనిసరి చేసింది. ఆ పోలికలో నేల, పైపులు, పక్క భవనాల సమాచారానికి తగిన బరువు ఇవ్వడమే కావాలి. విశాఖలో 46 కిలోమీటర్లు, విజయవాడలో 38 కిలోమీటర్ల తొలిదశలు, హైదరాబాద్ రెండోదశ ముందున్నాయి. విశాఖ కొండరాయి, విజయవాడ కృష్ణా ఒండ్రునేల, పాతబస్తీ ఇరుకు వీధులు ఒకే కొలతకు ఒదగవు. చార్మినార్ వంటి రక్షిత కట్టడాలకు చట్టం వంద మీటర్ల నిషేధ మండలం, ఆపై రెండు వందల మీటర్ల నియంత్రిత మండలం గీసింది. పని మొదలయ్యాక ప్రకంపన ఎంత దూరం పాకుతుందో మాత్రం నేల స్వభావాన్ని బట్టి ఉంటుంది. పక్క ఇళ్ల గోడల పాత బీటలను పనికి ముందే ఫొటోలతో సహా నమోదు చేయకపోతే, రేపు కొత్త బీట ఎవరి ఖాతాలో వేయాలో తేల్చడం ఎవరి తరమూ కాదు. ఖజానా సొమ్ముతో జరిగిన పరీక్షల ఫలితాలు జనానికి అందుబాటులో ఉండాలి. మార్గం పొక్కితే భూదందా మొదలవుతుందన్న భయముంటే ఆమోదం పొందిన మర్నాడే బయటపెట్టవచ్చు. కొత్త ప్రభుత్వం మార్గం మార్చదలిస్తే పాత, కొత్త సర్వే ఫలితాలను పక్కపక్కన పెట్టి కారణం చెప్పాల్సి వస్తుంది. అది అన్ని పార్టీలకూ వర్తించే క్రమశిక్షణ. ఇందుకు కొత్త చట్టమేదీ అక్కర్లేదు. నేల నివేదిక, భూగర్భ లైన్ల పటం, భవనాల నమోదు బయటపెట్టాకే శంకుస్థాపన తేదీ ఖరారు చేయాలని మంత్రివర్గం ఒక్క తీర్మానం చేస్తే చాలు.