ఆఖరి రీలు దగ్గర ఆగిన సినిమాలు
నల్లజాతి దర్శకుడు చార్లెస్ బర్నెట్ ‘కిల్లర్ ఆఫ్ షీప్’ సినిమా తీసింది పదివేల డాలర్లలోపు ఖర్చుతో, వారాంతాల్లో. లాస్ ఏంజెలెస్‌లోని వాట్స్ పేటలో ఒక నల్లజాతి కబేళా కార్మికుడి ఇంటి కథ అది. 1990లోనే అమెరికా నేషనల్ ఫిల్మ్ రిజిస్ట్రీకి ఎక్కింది. థియేటర్లకు మాత్రం 2007లో గానీ రాలేదు. అందులో వాడిన పాటల హక్కులకు లక్షన్నర డాలర్లు కావలసి వచ్చాయి. తలచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. షూటింగ్ అయితే అప్పో సప్పో చేసి, స్నేహితులను బతిమాలి కానిచ్చేయొచ్చు. సౌండ్ మిక్సింగ్, పాటల హక్కులు అరువుకు దొరకవు. వెనక స్టూడియో లేని నల్లజాతి దర్శకులు చతికిలబడేది సరిగ్గా అక్కడే. గ్రాంట్లిచ్చే సంస్థలకు నా విన్నపం: కొత్త స్క్రిప్టుల సొమ్ములో కొంతైనా ఈ ఆఖరి దశకు కేటాయించండి.