ఐదో వంతు జీతం ఎవరి లెక్క?

కార్తీక్ మురళీధరన్ అనే ఆర్థికవేత్త పేరెత్తితే మన ఉపాధ్యాయ మిత్రుల్లో చాలామందికి మంట. కాంట్రాక్టు టీచరే మేలన్నాడనీ, జీతాలు పెంచితే చదువు రాదన్నాడనీ కోపం. ప్రపంచ బ్యాంకు చెయ్యి ఉంది కాబట్టి చదవాల్సిన పనే లేదనేవాళ్లూ ఉన్నారు. మేం చదివాం. చదవకుండా తిడితే పాలకులకే లాభం. ఎందుకంటే అందులో తమకు పనికొచ్చే సగాన్ని వాళ్లు ఎప్పుడో చదివేశారు.

సంగతేమిటంటే, 2005 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లె బడుల్లో మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ కలిసి ఈ పరిశోధన చేశారు. రాష్ట్ర ప్రభుత్వం, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు తోడున్నాయి. లాటరీ తీసి 100 బడులకు అదనంగా ఒక్కో కాంట్రాక్టు టీచర్‌ను ఇచ్చారు. వాళ్లకు వృత్తి శిక్షణ లేదు. జీతం రెగ్యులర్ టీచర్ జీతంలో ఐదో వంతు కూడా కాదు. రెండేళ్లయ్యేసరికి ఆ బడుల పిల్లలు తెలుగులో, లెక్కల్లో మిగతావాళ్లను దాటారు. బడి ఎగ్గొట్టడం కూడా రెగ్యులర్ వాళ్లకంటే వీళ్లలోనే తక్కువ. ఈ మాట మన ఉద్యోగ మిత్రులకు చేదుగా ఉంటుంది. ఉండనివ్వండి.

కానీ 'అదనంగా' అన్న మాటను పాలకులు మింగేశారు. ఉన్న టీచర్‌ను తీసేసి వలంటీర్‌ను పెట్టమని ఆ పరిశోధన చెప్పలేదు. ఉన్నవాళ్లకు తోడు ఇంకొకరు వస్తే తరగతిలో పిల్లల గుంపు తగ్గింది, చదువు పెరిగింది. మన దగ్గర జరిగిందేమిటి? 398 రూపాయల స్పెషల్ టీచర్ల కాలం నుంచి విద్యా వలంటీర్ల దాకా, ఖాళీ పోస్టుకు చవక బిళ్ల అతికించడమే జరిగింది.

ఇంకో ప్రశ్న. పెద్ద జీతగాడితో సమానంగా చదువు చెప్పగలిగిన ఆడబిడ్డ ఐదో వంతుకు ఎందుకొచ్చింది? ఊళ్లో ఆమెకు మరో కొలువు లేదు. పిల్లల్ని వదిలి పట్నం పోలేదు. ఆమె జీతాన్ని నిర్ణయించింది ఆమె పని కాదు, ఆమె గతిలేనితనం. నీళ్లు, నిధులు, నియామకాలు అని కొట్లాడిన మనం ఈ లెక్కను ఒప్పుకోలేం.

కృష్ణ దాటి పల్నాడు పోయినా కథ ఇదే. నరసరావుపేట పక్కన రొంపిచెర్ల మండలం చూడండి. సాగర్ కుడి కాలువ ప్రాంతం, మిరప, పత్తి పండే నేల. కోతల కాలంలో తల్లులు తెల్లారకముందే చేలో ఉంటారు. ఇంట్లో బిడ్డకు అక్షరం చెప్పేవాళ్లుండరు. అట్లాంటి తల్లి కూలి డబ్బు కూడబెట్టి ఇంగ్లిష్ మీడియం బడి బస్సెక్కిస్తే ఆమెను తప్పు పట్టే హక్కు ఎవరికీ లేదు. సర్కారు టీచర్ల పిల్లలు ఏ బడికి పోతున్నారో మేం ఇక్కడ రాయనక్కర్లేదు.

అయితే ఆ బస్సు ఎక్కినందుకు దక్కేదెంత? దీన్నీ కొలిచారు. 2008 నుంచి 180 ఊళ్లలో లాటరీ తగిలిన పిల్లలకు ఫీజు భరించి ప్రైవేటు బడుల్లో చేర్చారు. నాలుగేళ్ల తర్వాత చూస్తే తెలుగులో, లెక్కల్లో సర్కారు బడి పిల్లలకూ వీళ్లకూ తేడా లేదు. హిందీలో మాత్రం ముందున్నారు. కానీ ప్రైవేటులో ఒక్కో పిల్లవాడి మీద ఖర్చు సర్కారు ఖర్చులో మూడో వంతుకన్నా తక్కువ. పొదుపు బాగుంది కదా అనకండి. అక్కడ టీచర్ జీతం సర్కారు టీచర్ జీతంలో ఆరో వంతు కూడా లేదు. ఆ టీచర్ ఎవరు? డీఎస్సీ కోసం అవనిగడ్డలో కోచింగ్ తీసుకుని, నోటిఫికేషన్ రాక వెనక్కొచ్చిన మన తమ్ముడే, చెల్లెలే. ఆంధ్రప్రదేశ్‌లో 2018 డీఎస్సీ తర్వాత భర్తీ దాకా పోయిన డీఎస్సీ 2025లోనే, 16,347 పోస్టులకు. తెలంగాణలో 2017 తర్వాత 2024లో, 11,062 పోస్టులకు. ఈ ఏడేళ్ల ఎదురుచూపే ప్రైవేటు యాజమాన్యాలకు చవక కూలీలను తోలింది.

ఉద్యోగులకూ ఒక మాట. ఇండోనేషియాలో టీచర్ల మూల వేతనం రెట్టింపు చేసి చూశారు. టీచర్ల అప్పుల బెంగ తగ్గింది, పిల్లల చదువు మాత్రం మారలేదు. ఆ పరిశోధనలోనూ మురళీధరన్ ఉన్నాడు. అదే మన పల్లె బడుల్లో పిల్లల ప్రగతికి బోనస్ ముడిపెడితే, అది సగటున ఏడాది జీతంలో 3 శాతమే అయినా, చదువు పెరిగింది. పీఆర్సీ అడగడం న్యాయమే. అడిగే సభలోనే గైర్హాజరు గురించి కూడా మాట్లాడాలి. సంఘాలు మాట్లాడకపోతే ప్రైవేటు బస్సు మాట్లాడుతుంది.

పల్లె బడుల్లో కొన్నేళ్లు పనిచేసిన యువతకు రెగ్యులర్ నియామకాల్లో ఆ అనుభవాన్ని లెక్కలోకి తీసుకోవాలని మురళీధరనే అంటున్నాడు. పాలకులు చదవని సగం ఇది. వలంటీరుగా చేసిన ప్రతి ఏడాదికీ డీఎస్సీలో వెయిటేజీ మార్కులు, పన్నెండు నెలల జీతం, డీఎస్సీకి ఏటా ఒక తేదీ. రెండు రాష్ట్రాల విద్యా మంత్రులూ వచ్చే నోటిఫికేషన్‌కు ముందే ఈ మూడింటికీ జవాబు చెప్పాలి.