దీవించే చెయ్యి ఎవరిది?

చూపుడువేలు, మధ్యవేలు ఒక జత. ఉంగరపువేలు, చిటికెనవేలు ఇంకో జత. రెండు జతల మధ్య సందు విడదీసి, చెయ్యి ఎత్తి చూడండి. కొందరికి ఇట్టే వస్తుంది, కొందరికి ఎంత తంటాలు పడ్డా రాదు. మన పిల్లలు ఫోన్లలో పంపుకునే బొమ్మల్లో ఈ చెయ్యి కూడా ఉంది. 'స్టార్ ట్రెక్' అనే అమెరికా టెలివిజన్ కథలో స్పాక్ అనే కోసుచెవుల గ్రహాంతరవాసి చేసే అభివాదం అది. 1967లో మొదట కనిపించింది.

కానీ అది చుక్కల్లోంచి ఊడిపడలేదు. స్పాక్ వేషం కట్టిన లియొనార్డ్ నిమాయ్ 1931లో బోస్టన్‌లో యూదుల ఇంట పుట్టాడు. చిన్నతనంలో ఇంటివాళ్లతో ప్రార్థనకు వెళితే, అక్కడ పురోహిత వంశపు మగవాళ్లు తలమీదుగా శాలువా కప్పుకుని, రెండు చేతులూ ఇలాగే పట్టి జనాన్ని దీవించేవారు. ఆ వేళ వాళ్ల వంక చూడకూడదని ఆచారం. చూడవద్దంటే ఏ పిల్లవాడు ఊరుకుంటాడు? దొంగచూపు చూశాడు. ఆ వేళ్ల పొందిక హీబ్రూలో 'షిన్' అనే అక్షరం. 'షద్దాయ్' అనే దేవుడి పేరుకు మొదటి అక్షరం. గ్రహాంతరవాసులు ఎలా పలకరించుకోవాలన్న ప్రశ్న వచ్చిననాడు అతనికి ఆ చెయ్యే గుర్తొచ్చింది.

"దేవుడి ముద్రను వేషగాడి చేతిలో పెట్టడం అపచారం కాదూ?" అని నాతో వాదించినవాళ్లున్నారు. నాకలా తోచదు. ఒక వంశంవాళ్లకే చెల్లిన దీవెన వీధిలోకి వచ్చింది, అంతేగా! జనం తమకు తెలియకుండానే ఒకరినొకరు దీవించుకుంటున్నారని 2015లో పోయిన ఆ నిమాయ్ ముచ్చటపడేవాడు. యూదుల ఇళ్లలో శుక్రవారం సాయంత్రం బిడ్డల తలమీద చెయ్యిపెట్టి పెద్దలు చెప్పేదీ ఆ పురోహితుల దీవెనే. కొడుకుకైనా కూతురుకైనా అవే మాటలు.

మరి మన సంగతో? కొడుకు కాళ్లకు మొక్కితే 'దీర్ఘాయుష్మాన్ భవ'. కూతురు మొక్కితే 'దీర్ఘసుమంగళీ భవ'. ఆ రెండో దీవెనలో ఆయుష్షు ఎవరిదో ఎప్పుడైనా ఆలోచించారా? నడుం వంచింది ఈ పిల్ల, నూరేళ్లూ జమ అయింది ఇంకొకరి ఖాతాలో!

అదైనా సరే అనుకుందాం. చెయ్యెత్తే హక్కు మాట ఏమిటి? మా భూపాలపల్లిలో నేను చూసిన ఒక పెండ్లి. బొగ్గుబాయిలో పనిచేసే భర్త పోయాక ఆ తల్లి పన్నెండేళ్లు కుట్టుమిషన్ తొక్కి కూతుర్ని చదివించింది. అక్షింతలు పంచే వేళకు ఆడబిడ్డ దగ్గరికొచ్చి "వదినె, జర ఎనుకకు నిలబడు" అంది. మెల్లగా, ప్రేమగానే అంది. అదీ నాకు మింగుడుపడనిది. ఆ తల్లి కూడా, ఎవరో పిలిచినట్టు, పందిరి గుంజ చాటుకు జరిగిపోయింది. బంతిలో మాత్రం వడ్డనకు ఆమె చెయ్యి కావలసొచ్చింది.

ఈ జనమేగా రెండేళ్లకోసారి మాఘమాసంలో, మా పక్కనే ములుగు జిల్లాలో ఉన్న మేడారం పరుగెత్తేది? అక్కడ ఎవరికి మొక్కుతున్నాం? కథ ప్రకారం కాకతీయ సైన్యంతో పోరులో భర్త పగిడిద్దరాజు కూలిపోయాక, కూతురు సారలమ్మ, కొడుకు జంపన్న పోయాక కూడా కత్తి దించక పోరాడి, చిలుకలగుట్టలో మాయమైన తల్లికి. గుట్టమీద దొరికింది కుంకుమభరిణె. ఇప్పటికీ గద్దెకు ఆమె ఆ భరిణె రూపంలోనే వస్తుంది. మనం నిలువెత్తు బెల్లం తూచి, 'బంగారం' అని పేరుపెట్టి మరీ ఇస్తాం. మొగుడు పోయినదని ఆమె ముందు ఎవరైనా ముఖం తిప్పుకోగా చూశారా?

"దేవత వేరు, మనిషి వేరు" అంటారు. ఎందుకు వేరు? యుద్ధానికి వెళ్లిననాడు ఆమె దేవత కాదు, ముగ్గుర్ని పోగొట్టుకున్న ఆడది. కుట్టుమిషన్ తొక్కినావిడ చేసిందీ యుద్ధమే. కాకపోతే కత్తి బదులు కత్తెర!

శాస్త్రం ఒప్పుకోదంటారు మరికొందరు. ఏ శాస్త్రం, ఎక్కడుందో చూపమని అడిగితే "మా అత్తగారు అనేవారు" అంటారు. అత్తగారి మీద నాకూ గౌరవమే, కాని ఆవిడ మాట వేదం కాదు.

మా ఇంట్లో త్వరలో ఒక పెండ్లి ఉంది. మా మేనత్త భర్తను పోగొట్టుకుని ఇరవై ఏళ్లయింది. అక్షింతల పళ్లెం మొదట ఆమె చేతికే వెళుతుందని అయ్యగారికి ముందే చెప్పాం. ఆయన "మంచిదే కదమ్మా" అన్నారు. గునుస్తున్నది మా చుట్టాల్లో ఆడవాళ్లే.