బూయీ కత్తికి తాడు పరీక్ష

ఫోన్‌లో ‘బోవీ నైఫ్’ అని కొట్టి చూడండి. పిడి మీద డేగ తల, బ్లేడు మీద తోడేలు బొమ్మ, వీపు మీద రంపం పళ్లు... గోడకి తగిలించుకోవడానికి తప్ప ఇంకెందుకూ పనికిరాని కత్తులు వరసగా వచ్చేస్తాయి. ‘రాంబో 3’లో స్టాలోన్ చేతిలో చూశాం, ‘క్రొకడైల్ డండీ’లో చూశాం, వీడియో గేముల్లో చూశాం. చూసీ చూసీ అలాంటిదొకటి కొనాలని మనసు పీకుతుంది. టెక్సాస్‌లో ఉంటున్నాను కాబట్టి నాకు ఇంకాస్త గట్టిగా పీకింది. అన్నట్టు ఇక్కడ దాని పేరు ‘బోవీ’ కాదు, ‘బూయీ’. షాపులో బోవీ అన్నారనుకోండి, కౌంటర్ వెనకాల పెద్దాయన ముందు మీ ఉచ్చారణ సరిచేసి, ఆ తర్వాతే కత్తి చూపిస్తాడు.

కొనడం తేలిక. మంచిదో కాదో తేల్చుకోవడమే కష్టం. ‘ఫైటింగ్ నైఫ్’ అని డబ్బా మీద రాసుంటుంది. ఫైటింగ్ చేసి చూడలేం కదా! మరి దేంతో తేల్చాలి?

దీనికి జవాబు చెప్పాలంటే ముందు పాత కథ కొంచెం చెప్పాలి. 1827 సెప్టెంబర్ 19న మిసిసిపి నది మధ్యలో, నాచెజ్ ఊరి దగ్గర ఒక ఇసుక తిన్నె మీద ఇద్దరు పెద్దమనుషులు పిస్తోళ్లతో ద్వంద్వ యుద్ధానికి దిగారు. చెరో రెండుసార్లు కాల్చుకున్నారు. ఒక్క గుండు కూడా తగల్లేదు. సర్లెమ్మని చేతులు కలుపుకున్నారు. అక్కడితో అయిపోవాలి. కానీ చుట్టూ నిలబడ్డ వాళ్ల మనుషులకి ఒకరి మీద ఒకరికి పాత పగలున్నాయి. వాళ్లు కలబడ్డారు. అందులో జిమ్ బూయీ ఒకడు. తుపాకీ గుండు తగిలింది, నోరిస్ రైట్ అనేవాడు చేతికర్రలో దాచిన కత్తితో గుండెల మీద పొడిచాడు. అంత దెబ్బతిని కూడా బూయీ వాణ్ని కిందికి లాగి తన కత్తితో చంపేశాడు. పేపర్లన్నీ రాశాయి. రాత్రికి రాత్రి అమెరికా దక్షిణాదిలో కుర్రాళ్లంతా కమ్మరి దగ్గరికెళ్లి ‘బూయీ కత్తిలాంటిది చేసిపెట్టు’ అనడం మొదలెట్టారు. ఇంగ్లండులోని షెఫీల్డ్ ఫ్యాక్టరీలు కూడా ఈ గిరాకీ పసిగట్టి ఓడల మీద కత్తులు దింపాయి.

తమాషా ఏంటంటే, ఆ రోజు వాడిన కత్తి ఇప్పుడు మనం బూయీ అంటున్న ఆకారంలో లేనేలేదు. ఆ కత్తి నాది, నేనే తమ్ముడికిచ్చాను అని జిమ్ అన్న రెజిన్ బూయీ తర్వాత పత్రికకి ఉత్తరం రాశాడు. తొమ్మిదింపావు అంగుళాల పొడవు, అంగుళంన్నర వెడల్పు, ఒకవైపే పదును, వంపు లేదు అన్నాడు. అంటే ఇంచుమించు మాంసం కొట్టు కత్తి! చివర్లో వీపుని గంటు తీసినట్టు చెక్కిన ఆ స్టైలు మొన, మధ్యలో అడ్డంగా ఇత్తడి పట్టీ, ఇవన్నీ తర్వాత్తర్వాత చేరాయి. ఆర్కన్సాలోని వాషింగ్టన్ అనే చిన్న ఊళ్లో జేమ్స్ బ్లాక్ అనే కమ్మరి బూయీకి కొత్త కత్తి చేసిచ్చాడని ఒక కథ ఉంది. ఆధారాలు మాత్రం అంతంతమాత్రం. 1836లో అలామో కోటలో బూయీ చనిపోయాడు, ఆయన కత్తి ఏమైందో ఎవరికీ తెలీదు. కాబట్టి ‘అచ్చు బూయీ వాడినలాంటిదే’ అని ఎవరైనా అమ్మితే నవ్వి పక్కకి తప్పుకోవచ్చు.

మరి చూసి కొనేదేంటి? నేను మూడు కత్తులు తెచ్చాను. మొదటిది 35 డాలర్ల స్టెయిన్‌లెస్ స్టీల్ది, రంపం పళ్లతో, పోస్టర్‌లోంచి దిగొచ్చినట్టుంది. రెండోది ఫ్యాక్టరీలో చేసిన కార్బన్ స్టీల్ కత్తి, తొమ్మిదిన్నర అంగుళాల బ్లేడు, పావంగుళం మందం. మూడోది చేత్తో కొట్టింది, సెకండ్ హ్యాండ్‌లో దొరికింది, బ్లేడు తొమ్మిదిన్నరకి ఇంకో పావంగుళం ఎక్కువ. మూడోదాని బ్లేడు మీద పిడి దగ్గర చిన్నగా ‘జే.ఎస్.’ అని ముద్ర ఉంది. ఆ రెండక్షరాల కోసమే కొన్నాను. ఎందుకో చెప్తా.

వంటింటి త్రాసు మీద పెడితే రెండోది 540 గ్రాములు, మూడోది 410. చేతిలో పట్టుకుంటే తేడా ఇంకా ఎక్కువ అనిపిస్తుంది. రెండోది మొన వైపు లాగేస్తుంది. మూడోదాని బ్లేడు పిడి దగ్గర మందంగా మొదలై మొనకి వెళ్లేకొద్దీ పల్చబడుతుంది. అందుకే అంత పొడుగున్నా చేతికి తేలిక. బిల్ బాగ్‌వెల్ అని ఒక కత్తుల తయారీదారు ఉండేవాడు. 1980లలో ‘సోల్జర్ ఆఫ్ ఫార్చ్యూన్’ పత్రికలో కత్తుల మీదే కాలమ్ రాసేవాడు. పెద్ద కత్తి బరువుగా ఉండాలనుకోవడం తప్పు, పొడుగ్గా ఉండి చెయ్యి చెప్పినట్టు తిరగాలి అన్నది ఆయన వాదన. నా ఓటూ దానికే. పిడి కూడా చూడండి. గుండ్రంగా ఉంటే చేతిలో తిరిగిపోతుంది, పదును ఎటుందో తెలీదు. కోడిగుడ్డులా కోలగా ఉంటే కళ్లు మూసుకున్నా తెలుస్తుంది. రంపం పళ్లంటారా, వాటితో ఇంతవరకు ఎవరైనా కర్ర కోశారేమో నాకైతే కనపళ్లేదు.

ఇప్పుడు ‘జే.ఎస్.’ సంగతి. 1976లో బిల్ మోరాన్ అనే కమ్మరి, ఈ బాగ్‌వెల్, ఇంకో ఇద్దరు కలిసి అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీ పెట్టారు. కొలిమిలో కత్తి కొట్టే పని అప్పటికి దాదాపు చచ్చిపోయే దశలో ఉంది. వాళ్లొక పరీక్ష పెట్టారు. జర్నీమన్ స్మిత్ అనిపించుకోవాలంటే సొంతంగా కొట్టిన కార్బన్ స్టీల్ కత్తితో మాస్టర్ స్మిత్ ఎదురుగా నాలుగు పనులు చెయ్యాలి. బ్లేడు పది అంగుళాలు మించకూడదు, వెడల్పు రెండు అంగుళాలు మించకూడదు, పిడితో కలిపి పదిహేను దాటకూడదు. ఒకటి, పైనుంచి ఊరికే వేలాడుతున్న అంగుళం మందం తాడుని ఒక్క వేటుకి కొయ్యాలి. రెండు, టూ-బై-ఫోర్ చెక్కని రెండుసార్లు నరికి ముక్కలు చెయ్యాలి. మూడు, అదే కత్తితో, మళ్లీ నూరకుండా, చేతి మీద వెంట్రుకలు గీసుకోవాలి. నాలుగు, మొనని వైస్‌లో బిగించి కత్తిని 90 డిగ్రీలు వంచాలి. రెండు ముక్కలైందా, ఇంటికే.

గట్టిగా ఆలోచిస్తే భలే పరీక్ష ఇది. తాడు కొయ్యాలంటే పదును సన్నగా ఉండాలి. సన్నగా ఉంటే చెక్క నరికేటప్పుడు అంచు మడతపడిపోవాలి. మడతపడకూడదంటే గట్టిగా ఉండాలి. మరీ గట్టిగా ఉంటే వంచినప్పుడు గాజులా పగులుతుంది. ఒక పరీక్ష పాసవడానికి చేసిందల్లా ఇంకోదాంట్లో ఫెయిల్ చేయిస్తుందన్నమాట. బయటపడే దారి ఒకటే. పదును వైపు గట్టిగా, వీపు మెత్తగా ఉండేలా ఒకే ఇనుముకి రెండు గుణాలివ్వాలి. ఎర్రగా కాల్చిన బ్లేడుని మొత్తం కాకుండా పదును వైపు మాత్రమే నూనెలో ముంచడం దానికొక పద్ధతి.

ఇదంతా నేను పెరట్లో తాడు కడుతూ మా మామయ్యగారికి చెప్తున్నాను. కోనసీమ నుంచి ఆర్నెల్ల వీసా మీద వచ్చారు, పొద్దుపోక అల్లాడుతున్నారు. మూడో కత్తి చేతిలోకి తీసుకుని, గోటితో టంగుమని కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నారు.

“ఏం ఇనుమండీ ఇది?”

“5160 అంటారండీ. బండ్ల స్ప్రింగులకి వాడే స్టీలు.”

“కమాన్ పట్టీ అని చెప్పండి అల్లుడుగారూ! మా కమ్మరాయన బోండాల కత్తి దాంతోనే కొడతాడు. పాత లారీది తెచ్చిస్తే చాలు. ఆయనా అంతే, నోటి వైపే ముంచుతాడు, వీపు తడవనివ్వడు. అడిగితే ‘విరిగిపోద్దండీ’ అంటాడు. ఆయ్.”

అర్కన్సాలో సర్టిఫికెట్ ఇచ్చి నేర్పే సంగతి అక్కడ కొలిమి దగ్గర ఒక్క ముక్కలో తేలిపోయింది. నాకు నచ్చింది.

తాడు దగ్గరికొద్దాం. హార్డ్‌వేర్ షాపులో అంగుళం మనీలా తాడు దొరుకుతుంది. కింది కొసకి ఆరంగుళాల పైన కొట్టాలి. అక్కడ బరువేమీ లేదు కాబట్టి పదును చాలకపోతే తాడు పక్కకి ఊగిపోతుంది, అంతే. బలంతో పని జరగదు. మొదటి కత్తితో కొడితే తాడు ఉయ్యాల ఊగింది, నాలుగు పోగులు తెగాయి. రెండోదానికి ముప్పావు వంతు తెగి వేలాడింది. మూడోదానికి కొస తెగి గడ్డిలో పడింది. శబ్దం కూడా పెద్దగా రాలేదు. ఇక్కడ ఆగకండి. రెండో కత్తిని సానరాయి మీద అరగంట నూరాను. ఫ్యాక్టరీవాళ్లు అంచుని మందంగా వదిలేశారు, దాన్ని కాస్త పల్చన చేశానంతే. మళ్లీ కొడితే తాడు తెగింది. అంటే ఇనుములో తప్పు లేదు, నూరడంలో పొదుపు చేశారు.

చెక్క దగ్గర కథ మారింది. బరువైన రెండోది చెక్కల్ని మూడోదానికన్నా తొందరగా నరికేసింది. గొడ్డలి పనికి బరువే కావాలి మరి. మొదటిది నాలుగో వేటుకే గడగడమంది. ఐదోదానికి పిడి చేతిలో తిరిగింది. అక్కడితో ఆపేశాను. పిడి ఊడదీసి చూస్తే లోపల పెన్సిల్ అంత కడ్డీ, బ్లేడుకి వెల్డింగు చేసి అతికించారు. ఊపులో ఉండగా అది విరిగితే ముప్పావు అడుగు బ్లేడు గాల్లోకి లేస్తుంది. ఎదురుగా ఎవరున్నా వాళ్ల గతి అంతే. అందుకే కళ్లకి అద్దాలు పెట్టుకోకుండా, ముందూ పక్కలా మనుషుల్ని పంపించెయ్యకుండా ఈ పని ఎవరూ చెయ్యకూడదు. మామయ్యగారిని వరండాలో కుర్చీ వేసి కూర్చోబెట్టాను. ఆయనకది నచ్చలేదు.

చెక్కల తర్వాత చేతి మీద గీసి చూస్తే రెండో కత్తికి వెంట్రుకలు తెగలేదు, మూడోదానికి తెగాయి. వంచే పరీక్ష నేను పెట్టలేదు. అది పెడితే కత్తి పోతుంది. కమ్మర్లు కూడా అమ్మే కత్తిని వంచరు, దానికోసం వేరేగా ఒకటి కొడతారు. ‘జే.ఎస్.’ ముద్ర ఉన్నవాడు ఎక్కడో ఒక కత్తిని అలా బలిచ్చి వచ్చాడని అర్థం. ఆ ముద్రకి నేను డబ్బులిచ్చింది అందుకే. పైన ‘ఎం.ఎస్.’ అని ఉంటే మాస్టర్ స్మిత్. వాళ్లు ఇదే పరీక్షని కనీసం 300 పొరలున్న డమాస్కస్ కత్తితో ఇంకోసారి పాసవ్వాలి. ధర కూడా దానికి తగ్గట్టే ఉంటుంది, చూసి నేను పక్క టేబుల్‌కి వెళ్లిపోయాను.

ఎవరైనా అడిగితే రెండోదే కొనమంటాను. నూరడం రావాలి, వచ్చాక సరిపోతుంది. మూడోది ఇష్టం కోసం. వాడాక తుడిచి నూనె రాయాలి. తోలు ఒరలో పెట్టి మర్చిపోతే తోలులో తేమకి కార్బన్ స్టీలు మచ్చలు పడిపోతుంది.

చట్టం సంగతి చివరికి పెట్టాను కానీ మొదట చూసుకోవాల్సింది అదే. 1837లో అలబామా రాష్ట్రం ఒక్కో బూయీ కత్తి అమ్మకం మీద 100 డాలర్ల పన్ను వేసింది. బూయీ ప్రాణం పోయిన టెక్సాస్‌లోనే అతని పేరున్న కత్తిని వెంట పెట్టుకుని తిరగడం 2017 సెప్టెంబర్ 1 దాకా నేరం. ఇప్పటికీ అయిదున్నర అంగుళాలు దాటిన బ్లేడుతో స్కూళ్లూ బార్లూ లాంటి చోట్లకి వెళ్లకూడదు. మన దేశంలో ఆయుధాల నిబంధనలు తొమ్మిది అంగుళాలు దాటిన పొడవు, లేదా రెండు అంగుళాలు దాటిన వెడల్పు ఉన్న కత్తుల్ని ఆయుధాల లెక్కలో వేస్తాయి. ఇంటి పనికీ వ్యవసాయానికీ చేసినవి దీంట్లోకి రావు. బూయీ బ్లేడుల్లో ఆ తొమ్మిదిని దాటేవి చాలానే ఉంటాయి. ఆన్‌లైన్‌లో ఆర్డర్ నొక్కే ముందు టేపుతో కాకపోయినా కళ్లతోనైనా ఆ నంబర్ చదవండి.

మామయ్యగారు వచ్చే నెల తిరిగెళ్తున్నారు. మూడో కత్తి సూట్‌కేసులో పెట్టుకుపోతానని గొడవ. టేపు తెచ్చి చూపించాను, తొమ్మిదీ ముప్పావు.

“మా బోండాల కత్తి ఇంతకన్నా పొడుగేనండీ, దాన్నెవరూ అడగరే!”

“అది వ్యవసాయానికండీ.”

“ఇదీ బోండాలకే వాడతానని రాసిస్తాను. కస్టమ్స్ ఆయన్ని రమ్మనండి, ఎదురుగా కొట్టి చూపిస్తాను.”